ముందే నవ్విన టీచరమ్మ

ఈసారి ఎవరి మాటా వినకుండా, నాయకుల డిబేట్ కళ్లారా చూసి ఓటెవరికో తేల్చుకుంటానని టైలర్ పొద్దున్నే ప్రకటించాడు. తను కుట్టిన గుండీనే నాలుగుసార్లు లాగి చూసుకునే అనుమానపు మనిషి అతను. సాయంత్రం కొట్టు తొందరగా కట్టేసి టీవీ ముందు కూర్చున్నాడు.

టీచరుగా పనిచేసే అతని భార్య వంటగదిలో, ఫోన్‌లో అదే డిబేట్ పెట్టుకుని కూరగాయలు తరుగుతోంది. ఉన్నట్టుండి పకపకా నవ్వింది.

"ఎందుకే ఆ నవ్వు?"

"ఇప్పుడు మీసాలాయన వాళ్ల తాతని తలుచుకుని ఏడుస్తాడు, చూడండి."

అన్నట్టే మీసాలాయన ఏడ్చాడు. ఇంకాసేపటికి ఆమె "అబద్ధం!" అని అరిచాక గానీ అవతలాయన ఆ అబద్ధం ఆడలేదు. టైలర్ టీవీనీ వంటగదినీ మార్చి మార్చి చూశాడు. దీనికి అన్నీ ముందే ఎలా తెలుస్తున్నాయి? పెళ్లాన్ని అడగడానికి ధైర్యం చాలక లోకానికే చెప్పుకున్నాడు. "డిబేట్ అంతా ముందే రాసుకున్న నాటకం. టీచరైన నా భార్యకు ప్రతి జవాబూ ముందే తెలుసు!" అని పోస్టు పెట్టాడు.

క్షణాల్లో అది ఊరంతా పాకింది. టీచరమ్మ మీసాల పార్టీ ఏజెంటని కొందరు, కాదు అవతలి పార్టీ అని ఇంకొందరు తగువులాడుకున్నారు. అంతకుముందు మీసాలాయనతో పాటు కళ్లొత్తుకున్నవాళ్లే అవి దొంగ కన్నీళ్లని తేల్చేశారు.

భార్య కత్తి చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. "యాంకర్ నా గురించి చెబుతోంది! ఏం చేశారు మీరు?"

"టీవీలో ఏమీ రాలేదే!"

ఆమె ఫోన్ తెచ్చి టీవీ పక్కన పెట్టింది. ఫోన్‌లో అయిపోయిన మాటలు టీవీలో అప్పుడు మొదలయ్యాయి. నెట్ మీద నడిచే వాళ్ల టీవీ ఆగి ఆగి వెనకబడింది, అంతే.

"ఎన్నికల డ్యూటీ పడినదాన్ని. ఏజెంటన్న పేరొస్తే నా ఉద్యోగం ఉంటుందా?"

ఆమె కళ్లలో నీళ్లు చూసి టైలర్‌కి తల కొట్టేసినట్టయింది. జరిగింది జరిగినట్టు రాసి ఇంకో పోస్టు పెట్టాడు. "ఎంత ముట్టిందన్నా?" అని ఒకే ఒక్కడు బదులిచ్చాడు.

అంతలో ఆమె బడి హెడ్మాస్టరు వచ్చాడు. తలుపు తనే వేసి, కిటికీ తెర లాగి, గొంతు తగ్గించాడు.

"మేడమ్, మీ మీద ఈగ వాలనివ్వను. కానీ నేనెప్పుడూ ఓడేవాడికే ఓటేస్తున్నాను. ఈసారి గెలిచేదెవరో నా ఒక్కడికి చెప్పండి."

భార్యాభర్తలు ఫోనూ టీవీ చూపించి, విడమరిచి చెప్పారు. ఆయన శ్రద్ధగా విని, "అర్థమైంది, బయటికి చెప్పకూడదన్నమాట" అని లేచాడు.

మెట్లు దిగుతూనే టైలర్ రాసిన పోస్టును స్టాఫ్ గ్రూపులో పెట్టాడు, మొదటిదాన్ని.