వెయ్యి అడుగుల లోపు

"ఊపిరాడని ప్రతి రోగికీ ఇక ప్రభుత్వమే ఊపిరి!" అని ఆరోగ్య మంత్రిగారు ప్రకటించగానే రాళ్ల మేస్త్రికి సగం ఆయాసం తగ్గింది. ముప్పయ్యేళ్లు రాతిపొడి మింగిన ఊపిరితిత్తులు ఆయనవి. పడగ్గది నుంచి వంటింటికి వెళ్లాలంటే మధ్యలో కుర్చీ ఉండాలి. అలాంటివాడికి ఇంట్లోనే ఆక్సిజన్ మిషన్, అదీ ఉచితంగా!

నిబంధన కూడా న్యాయమైనదే. అడుగులు లెక్కపెట్టే వాచీ చేతికి కడతారు. నెల సగటు వెయ్యి అడుగుల లోపుంటే మిషన్ ఇస్తారు. దొంగ రోగులు దూరకుండా, రోగి రోజూ స్వయంగా వచ్చి ఆ లెక్క రాయించుకోవాలి. ఆఫీసు మూడో అంతస్తులో ఉంది.

మొదటిరోజు మేస్త్రి తన భార్య భుజం పట్టుకుని, మెట్టుమెట్టుకీ ఆగుతూ ఎక్కాడు. గుమస్తా వాచీ చూసి కళ్లు పెద్దవి చేశాడు.

"రెండు వేల మూడొందలు! మీకు జబ్బని ఎవరన్నారండీ?"

మేస్త్రి భార్యకు ఒళ్లు మండింది. "ఇక్కడికి రావడానికే కదయ్యా అన్ని అడుగులు!"

"ఎందుకు నడిచారని వాచీ అడగదమ్మా. అదే దాని గొప్ప."

"పోనీ, రేపట్నుంచి నేను తెచ్చి చూపిస్తా. ఆయన మంచం మీదే ఉంటారు."

"మంచం మీదే ఉన్నారని మాకెలా తెలుస్తుంది? ఆయనొచ్చి చెప్పాలి."

గుమస్తా చెడ్డవాడేం కాదు. మంచినీళ్లు వరండా చివర ఉంటాయని దారి కూడా చూపించాడు.

ఆయాసం పెరిగేకొద్దీ మేస్త్రి అడుగు చిన్నదైంది. అడుగు చిన్నదయ్యేకొద్దీ లెక్క పెరిగింది. నెలాఖరుకు నాలుగు వేలు దాటింది. అధికారులు మురిసిపోయారు.

ముప్పయ్యో రోజు కింది హాల్లో సభ పెట్టారు. వేదిక మీద కొత్త మిషన్ మెరుస్తోంది.

"అర్హులెవరయ్యా?" అన్నారు మంత్రిగారు.

"ఆఫీసుకొచ్చిన రోగుల్లో ఒక్కరూ లేరండీ. అందరూ కోలుకున్నారు," అన్నాడు గుమస్తా. చప్పట్లు ఆగాక గొంతు సవరించుకున్నాడు. "మీరొక్కరే అర్హులండీ."

ప్రజల్లో ఒకరిగా మంత్రిగారూ నెలంతా వాచీ కట్టుకున్నారు. ఆయన లెక్క రాయడానికి గుమస్తాయే రోజూ బంగళాకు వెళ్లొచ్చాడు. సగటు రెండు వందల పన్నెండు.

"నిబంధన ఎవరికైనా నిబంధనే," అని మంత్రిగారు తలవంచారు. మిషన్ కారెక్కింది.

వెళ్తూ వెళ్తూ ఆయన మేస్త్రి భుజం తట్టారు. "నాలుగు వేల అడుగులు! ఎలా నడిచావు పెద్దాయనా?"

"ఆ... మిషన్... కోసమే... అయ్యా."

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. విలేకరుల వైపు తిరిగారు.

"విన్నారా? మిషన్ మీద ఆశే ఈయన్ని నడిపిస్తోంది. అది కాస్తా చేతికిచ్చేస్తే మనిషి మంచాన పడిపోడూ!"

గుమస్తా మేస్త్రి వాచీని సున్నాకు తిప్పి, మళ్లీ చేతికి కట్టాడు.