తోకచుక్కకు మా వంతు ప్రోత్సాహం

విద్యార్థులు స్వయంగా నిర్వహించుకునే కార్యక్రమాలకు విశ్వవిద్యాలయం అన్ని విధాలా అండగా నిలుస్తుందనీ, ఆ అండ నుంచి ఏ విద్యార్థీ తప్పించుకోలేడనీ ఇందుమూలంగా తెలియజేయడమైనది. ఈ వాక్యంలో మొదటి సగం ప్రధాన ద్వారం పక్కన రాతి మీద చెక్కి ఉంది. రెండో సగం అనుభవం మీద తెలుస్తుంది.

అండగా నిలవడానికి ఒక విభాగం కూడా ఉంది. దాని పేరు విద్యార్థి కార్యకలాపాల ప్రోత్సాహక విభాగం. పాలనా భవనం కింది అంతస్తులో మెట్ల పక్కన మొదలై నడవా చివరిదాకా అన్నీ దాని గదులే. ఒక గదిలో నిరుడు ప్రోత్సహించిన చదరంగం పోటీ తాలూకు రంగుల లైట్లు ఉంటాయి. ఇంకో గదిలో మౌనధ్యాన శిబిరానికి కొన్న సౌండు పెట్టెలు ఉంటాయి. ఆ శిబిరంలో మౌనం ఆఖరి వరుస దాకా వినిపించాలన్నది విభాగం పట్టుదల.

ఈ విభాగంలో సెక్షన్ ఆఫీసరుకు కొత్తగా పెళ్లయింది. అతని భార్య అదే విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెబుతుంది. కొత్త కాపురం కదా, ఇద్దరికీ లోకంలో ప్రతిదీ వింతగానే ఉండేది. ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు చూసి ఆమె తనలో తను నవ్వుకునేది. అతను జేబులో తాళంచెవి ఉన్నా బెల్ కొట్టేవాడు. లోపల్నుంచి ఒక మనిషి నడిచొచ్చి తనకోసం తలుపు తీస్తుందన్న సంగతి అతనికి ఇంకా నమ్మశక్యంగా లేదు.

అలాంటి రోజుల్లో ఆకాశంలోకి ఒక తోకచుక్క వచ్చింది.

దాని రాక గురించి అందరికన్నా ముందు తెలిసింది ఆకాశ సంఘానికి. సంఘమంటే పెద్దగా ఊహించుకోవద్దు. సభ్యులందరూ ఒకే బెంచీ మీద పడతారు. కార్యదర్శి ఒక కళ్లజోడు అమ్మాయి. నీళ్ల గొట్టానికి అద్దాలు బిగించి దుర్భిణి ఆ అమ్మాయే చేసుకుంది. తోకచుక్క పొద్దు వాలాక పడమటి దిక్కున, నేలకు కాస్త ఎత్తులో, ఆ వారం మాత్రమే కనబడుతుందని లెక్కలు కట్టింది. హాస్టల్ గేటు దాటకుండా పడమర తెరిపిగా కనిపించే చోటు ఆటస్థలం ఒక్కటే. దాని చుట్టూ నాలుగు స్తంభాలు. చీకటి పడకముందే వాటి మీద దీపాలు వెలిగి, అక్కడ గడ్డిపోచల్ని కూడా లెక్కపెట్టుకోవచ్చు గానీ చుక్కల్ని మాత్రం చూడలేం.

సంఘానికి సలహాదారు ఫిజిక్స్ మేడం, అంటే మన సెక్షన్ ఆఫీసరు గారి భార్య. పద్ధతి ప్రకారం ఆమె ప్రోత్సాహక విభాగానికి వచ్చి అతని బల్ల ముందు కూర్చుంది.

"చెప్పండి మేడం, ఏం కావాలి?" అన్నాడతను, పొద్దున తన లంచ్ డబ్బాకి మూత బిగించిన చేతుల్ని చూస్తూ.

"చీకటి కావాలండీ. ఆటస్థలంలో దీపాలు ఒక్క అరగంట ఆపితే చాలు."

"ఇంకా?"

"ఇంకేం వద్దు."

గదిలో కాగితాల చప్పుడు ఆగిపోయింది. పక్క బల్ల దగ్గరి పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని ఆమెను చూశాడు. ఆ విభాగం పుట్టాక "ఇంకేం వద్దు" అన్నమాట అక్కడ వినిపించడం అదే మొదలు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె అడిగింది. "అవుతుందంటారా?"

"స్విచ్ కిందికి దించడమేగా! ఇంత చిన్న పని చేయించలేకపోతే నీ మొగుణ్ణి అక్కడెందుకు కూర్చోబెట్టినట్టు?"

"అయితే మాటిచ్చినట్టే?"

"ఇచ్చేశానోయ్."

కొత్త పెళ్లికొడుకులు చుక్కలు తెంపి తెస్తామనడం లోకంలో ఉన్నదే. ఇతను అంత దూరం పోలేదు. చుక్క ఎక్కడుందో అక్కడే ఉంటుంది, మధ్యలో అడ్డొస్తున్న నాలుగు దీపాలు ఆర్పిస్తానన్నాడు. చాలా చౌకలో బయటపడ్డానని సంతోషించాడు కూడా.

మరునాడు విషయం డైరెక్టరు గారి సమక్షంలో సమావేశానికి వచ్చింది. డైరెక్టరు గారు ఉదార హృదయులు. ఏమీ అడగని పిల్లల గురించి విని ఆయన మనసు కలుక్కుమంది.

"చూడవయ్యా, నోరు లేని పిల్లలు కాబట్టి ఏమీ వద్దన్నారు. ఏమీ వద్దన్నారు గదా అని ఏమీ ఇవ్వకుండా పంపితే మనం ఎందుకున్నట్టు? రేపు ఇంకో సంఘం వచ్చి మాకూ ఏమీ వద్దంటుంది. అదొక అలవాటైపోతుంది!"

"చీకటి అడిగారండీ వాళ్లు" అని సెక్షన్ ఆఫీసరు గుర్తుచేశాడు.

"చీకటికి మన దగ్గర పద్దు లేదు. దీపాలకుంది. ఉన్నదే కదయ్యా ఇవ్వగలం?"

కాదనడానికి ఏముంది? సమావేశం సావధానంగా ముందుకు సాగింది. చీకటి ఇవ్వడమే జరిగితే, దాన్ని విద్యార్థులు సద్వినియోగం చేశారనడానికి ఆధారం ఏమిటని ఒక సభ్యుడు అడిగాడు. ఫోటో తీయిస్తామన్నారు. ఫోటో పడాలంటే వెలుతురు కావాలి కనుక, చీకటికి సాక్ష్యంగా రెండు ఫ్లడ్‌లైట్లు అదనంగా మంజూరయ్యాయి. పిల్లలు మంచులో నిలబడితే జలుబు చేస్తుందని మరో సభ్యుడు తండ్రి మనసుతో అన్నాడు. ఆటస్థలం మొత్తానికి టెంటు వేయాలని తీర్మానించారు. ఉపకులపతి గారి కళ్లలో ఎండ పడకూడదు కనుక వేదిక పడమటి వైపు కట్టాలన్నారు. వేదిక వెనక ఉత్త ఆకాశం కనిపిస్తే బోసిగా ఉంటుందని, అక్కడ ఒక పెద్ద బ్యానరు కట్టాలన్నారు. బ్యానరు మీద ఏముండాలన్న దానిపై అభిప్రాయభేదం లేదు. ఉపకులపతి గారు, ఆయన భుజం మీదుగా తోకచుక్క.

కరెంటు పోతే? ఆ ప్రశ్న వచ్చినప్పుడు మన సెక్షన్ ఆఫీసరు కాస్త నిటారుగా కూర్చున్నాడు. కరెంటు పోతే నిమిషం తిరక్కుండా దానంతటదే అందుకునే జనరేటరు విభాగం దగ్గర ఉంది. దాన్ని కొనాలని నిరుడు సిఫారసు రాసింది అతనే. అందుకు ప్రశంసాపత్రం కూడా వచ్చింది. పెళ్లిచూపుల్లో అతను చెప్పుకున్న ఏకైక ఘనకార్యం అదే.

"నీ కార్యక్రమానికి పచ్చజెండా!" అన్నాడు ఆ సాయంత్రం, చెప్పులు విప్పకముందే.

ఆమె చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. "నిజంగా? దీపాలు ఆపేస్తారా?"

"అదొక్కటి తప్ప అన్నీ ఇచ్చారు."

ఆమె మొదట నవ్వింది. అతను వరసగా టెంటు, వేదిక, బ్యానరు చెప్పుకుపోతుంటే ఆ నవ్వు ఒక్కో మెట్టే దిగి ఎటో వెళ్లిపోయింది.

"ఈసారి తప్పితే అది మళ్లీ ఎప్పుడొస్తుందో తెలుసా మీకు? మన మనవల మనవలకి."

"వాళ్లని ఇప్పట్నుంచే దరఖాస్తు పెట్టుకోమందాం" అన్నాడతను. హాస్యం ఆడితే సరిపోతుందనుకున్నాడు.

"ఏడాదిగా ఎదురుచూస్తోందండీ ఆ పిల్ల. మాటిచ్చింది మీ డైరెక్టరు కాదు, మీరు."

మరునాడు అతను బెల్ మీద వేలు పెట్టేసరికి తలుపు ఓరగా తీసే ఉంది. "తీసే ఉంది, రండి" అన్న మాట మాత్రం వంటగదిలోంచి వచ్చింది. కొత్తగా పెళ్లయినవాడికి అది ఎంత శిక్షో, పెళ్లయి చాలాకాలమైన పాఠకులకు గుర్తుండకపోవచ్చు.

తోకచుక్క వెళ్లిపోయే ముందు ఆఖరి సాయంత్రం నాడు సభ జరిగింది. అంతకుముందు సాయంత్రాలు ఉపకులపతి గారికి వీలు పడలేదు. తోకచుక్కకు వీలైంది కానీ, ఎవరి వీలు చూడాలో పెద్దలకు తెలుసు.

ఏర్పాట్లు కన్నుల పండువగా ఉన్నాయి. కుర్చీలు నిండేలా ప్రతి తరగతినీ వరుసలో నడిపించుకొచ్చారు. పుర ప్రముఖులను, తల్లిదండ్రులను, పుస్తకాలు చదివే సంస్కారవంతులను ప్రత్యేకంగా ఆహ్వానించారు. ఆకాశ సంఘం సభ్యులకు వాలంటీరు బ్యాడ్జీలు తగిలించి, వచ్చినవాళ్లకు మంచినీళ్ల సీసాలు పంచే పని అప్పగించారు. కార్యక్రమం వాళ్లది కనుక ఆ మాత్రం గౌరవం వాళ్లకు దక్కాలి. నీళ్ల గొట్టం దుర్భిణిని వేదిక మీద నిలబెట్టారు. పైన ఖాళీగా ఉందని దాని నోట్లో ఒక పూలగుత్తి పెట్టారు.

ఉపకులపతి గారు తాడు లాగారు. తెర పక్కకు జరిగి బ్యానరు మీద తోకచుక్క ప్రత్యక్షమైంది. అసలు తోకచుక్క సరిగ్గా దాని వెనకే ఉండటం వల్ల ఎవరికీ దిక్కు విషయంలో పొరపాటు జరగలేదు.

"తోకచుక్కలు తమంతట తాము వస్తాయని కొందరు అమాయకులు అనుకుంటారు" అని ఉపకులపతి గారు ప్రసంగం అందుకున్నారు. "సరైన వాతావరణం కల్పించకపోతే ఏ చుక్కా రాదు. ఆ వాతావరణం మన విశ్వవిద్యాలయం కల్పించింది. విద్యార్థులారా, తలెత్తి చూడండి! ఏం కనబడుతోంది?"

విద్యార్థులు తలెత్తి చూశారు. టెంటు గుడ్డ కనబడింది. చప్పట్లు కొట్టారు.

సెక్షన్ ఆఫీసరు వేదిక పక్కన నిలబడి భార్య కోసం వెతికాడు. టెంటు అంచుకి అవతల, గడ్డి మీద ఆమె నిలబడి ఉంది. ఆమె పక్కన సంఘం సభ్యులు, చేతుల్లో ఇంకా పంచని సీసాలతో. కళ్లజోడు అమ్మాయి బ్యానరు వైపు చూడటం లేదు. గుమ్మంలోకి వచ్చిన చుట్టాన్ని ఎవరో బయటే ఆపేస్తే చూసినట్టు, బ్యానరు పైఅంచు వైపు చూస్తోంది. పొద్దు పూర్తిగా వాలింది. ఇంకాసేపట్లో ఆ చుక్క కూడా వాలిపోతుంది.

ప్రసంగం అప్పుడే విశ్వవిద్యాలయ చరిత్ర తొలి దశకు చేరుకుంది.

అతను మెల్లగా వేదిక వెనక్కి వెళ్లాడు. అక్కడ ఒక చిన్న గది. గోడకి మెయిన్ స్విచ్ ఉన్న ఇనప పెట్టె, దానికి ఒక ఎర్ర పిడి. సర్వీసులో చేరిన నాటినుంచి పై అధికారి సంతకం లేకుండా అతను కుర్చీ కూడా జరిపినవాడు కాదు.  ఆ పిడిని కిందికి లాగాడు.

చీకటి పడింది. నాలుగు స్తంభాలు, ఫ్లడ్‌లైట్లు, మైకు, అన్నీ ఒక్కసారి పోయాయి. కొన్నేళ్లుగా ఆ ఆటస్థలం ఎరగని, చిక్కటి, ఏ పద్దులోనూ లేని చీకటి.

సభ మొత్తం "హో!" అని అరిచింది. "కరెంటు! కరెంటు!" అని కేకలు. వెంటనే వరసవరసకీ ఫోన్ దీపాలు వెలిగాయి. చెప్పులు వెతుక్కునేవాళ్లు, పక్కవాళ్ల మొహాల మీద వేసి నవ్వేవాళ్లు, ఫోన్లో "ఇక్కడ కరెంటు పోయింది" అని ఇంటికి చెప్పేవాళ్లు. ఇంతలో జనరేటరు తన ప్రశంసాపత్రానికి న్యాయం చేస్తూ అందుకుంది. దీపాలన్నీ మునుపటికన్నా ధగధగా వెలిగాయి. ఆ సాయంత్రం మొత్తంలో అంత గట్టిగా చప్పట్లు మోగింది అప్పుడే.

"చీకటిని తరిమికొట్టిన ప్రోత్సాహక విభాగానికి నా అభినందనలు!" అన్నారు ఉపకులపతి గారు, తిరిగొచ్చిన మైకులో.

సభ అయ్యాక ఇద్దరూ స్కూటరు మీద ఇంటికి బయల్దేరారు. ఇంటి ముందు ఆగాక అతనే అడిగాడు.

"కనబడిందా?"

"ఆ."

"నిజంగా?"

"బ్యానరు వెనక నుంచి తోక ఇంత పొడుగున పైకొచ్చి ఉందండీ. మీ వీసీ గారి నెత్తి మీద కుచ్చులా." అని ఆమె పకపకా నవ్వింది. "ఆ పిల్ల నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందో! ఇదిగో చూడండి, గోళ్ల గుర్తులు. మరి మీరు చూశారా?"

"గదిలో ఉన్నాను. దానికి కిటికీ లేదు."

ఆమె నవ్వు ఆగింది. అతని చొక్కా మోచేతికి అంటిన ఇనప తుప్పు చూసి, చెంగుతో తుడిచింది.

"రేపట్నుంచి తలుపు వేసే ఉంచుతాను. బెల్ కొట్టండి" అంది.

ఇక మిగిలినవి లాంఛనాలు. చీకటి ఎలా చొరబడిందో తేల్చడానికి విచారణ సంఘాన్ని వేశారు. విషయం బాగా తెలిసినవాడని సెక్షన్ ఆఫీసరునే దానికి కన్వీనరును చేశారు. దోషి దొరకలేదని, మొదటి జనరేటరుకు తోడుగా రెండోది కొనాలని అతను నివేదిక ఇచ్చాడు. ఆ ఏడు ఉత్తమ విద్యార్థి కార్యక్రమం బహుమతి తోకచుక్క సభకే వచ్చింది. డైరెక్టరు గారు అందుకున్నారు.

చీకటి పడిన క్షణంలో ఫోటోగ్రాఫరు చేతిలోని కెమెరా ఒకసారి క్లిక్కుమంది. ఆ ఫోటోను విశ్వవిద్యాలయ వార్షిక సంచికలో నిండు పేజీకి వేశారు, "తోకచుక్కను తిలకిస్తున్న ప్రేక్షకులు" అన్న శీర్షికతో. ఒక అంచున తలలు పైకెత్తిన ఐదారు మొహాలు ఉండేవట. పేజీ కొలతకి సరిపడక కత్తిరించారు. మిగిలిన వాళ్లందరూ తలలు వంచుకుని, అరచేతిలో దీపాలు పట్టుకుని, ఎంత శ్రద్ధగా ఉన్నారో.

మూడో వరుసలో, దారి పక్క కుర్చీలో, మీరూ ఉన్నారు. ఫోన్ వెలుతురు నేరుగా మొహం మీద పడటంతో బాగా వచ్చారు. ఒక ప్రతి తీసి పెట్టుకోండి.