తొమ్మిది గొర్రెల ఏకాక్షర సమరము

తెలంగాణ రాష్ట్రము అవతరించిన పదవ యేట, శ్రావణ జలధారలకు తడిసిన ఎర్రనేలలు కందిపైరుల హరితాంబరములు ధరించి విరాజిల్లు కోస్గి ప్రాంతమున, ఒకానొక కుగ్రామమందు, నలువది గొర్రెల మహాసామ్రాజ్యమునకు అధీశ్వరియైన నాగులమ్మ వేకువనే దొడ్డివాకిట నిలిచి ఒక ఘోరధ్వనిని ఆలకించెను. అది శత్రుసేనల శంఖారావము కాదు, గొర్రెల దగ్గు. లెక్కింపగా తొమ్మిది.

"మమతా, లే బిడ్డా. తొమ్మిది గొర్లు దగ్గుతున్నయి. డాక్టర్ సారుకు జర రాయి."

కోడలు మమత, ఇంటర్మీడియట్ దుర్గమును రెండవ దండయాత్రలో జయించిన వీరవనిత. ఒక సేవాసంస్థ పంపగా వచ్చి కోస్గిలో కిరాయికుండు పశువైద్యుడు డానియల్ కేరళ దేశీయుడు. తెలుగు ఎదుటపడిన కొంత మాటాడునే కాని, ఫోనులో పోల్చుకొననేరడు, చదువనేరడు. కావున మమత సెల్‌ఫోనను దివ్యాస్త్రమును చేబూని, "ఫ్యూ షీప్ ఆర్ కాఫింగ్" అని ఆంగ్లమున సంధించి విడిచెను.

క్షణమాత్రమున ప్రత్యస్త్రము వచ్చెను: "గుడ్. నో నీడ్ టు కమ్."

"ఏమన్నడు?"

"మంచిదంట అత్తమ్మా. వచ్చే అవసరం లేదంట."

అంతట నాగులమ్మ కొంగు నడుమున బిగించి ఇట్లనెను: "తొమ్మిది దగ్గుతాంటె మంచిదంటడా? మూడు కరువులల్ల గీ మందను కాపాడిన. తోడేలు మీదికొచ్చినా ఎనుకకు జరగలే. గిప్పుడు రెండు ఇంగ్లీషు ముక్కలకు నా గొర్లను పోగొట్టుకుంటనా? ఏం రాసినవో మల్ల సూడు."

మమత సిగ్గుతో దహించుకొనిపోవుచు, ఇనుపపెట్టె గర్భమునుండి పాత వ్యాకరణ గ్రంథమును వెలికితీసెను. లెక్కకు వచ్చువాటికి దళపతియైన మెనీని, లెక్కకు రానివాటికి దళపతియైన మచ్‌ను దాటి, కడకు ఫ్యూ శిబిరమును ముట్టడించి రహస్యము గ్రహించెను. ఫ్యూ యనిన దాదాపు లేవని, ఎ ఫ్యూ యనిన కొన్ని కలవని అర్థము. లిటిల్, ఎ లిటిల్ అను కవలలదియు ఇదే తీరు.

"తప్పు నాదే అత్తమ్మా. దగ్గేటియి లేనట్టే అని రాసిన. ముంగట ఒక ఎ పెట్టాలె."

"ఒకటి సాలుతదా? రెండు పెట్టు."

మమత ఒక్కటే పెట్టెను. అంతియే, గడియ లోపల డానియల్ మోటారుసైకిలారూఢుడై, బురదను చీల్చుకొని వచ్చి, తొమ్మిది గొర్రెలకు తొమ్మిది సూదులు వేసెను. అతడచటనే కాచియుండగా, మధ్యాహ్నమునకు అన్నియు మేత ముట్టెను. నాగులమ్మ గట్టిగా ఊపిరి విడిచి, సారుకు చాయ పెట్టుమనెను.

"లిటిల్ షుగర్ అమ్మా," అనెను వైద్యుడు.

మమత నాలుగే పలుకుల చక్కెర వేసి ఇచ్చెను. ఒక గుక్క త్రాగినంతనే ఆ ధీరుని వదనము వాడెను.

"షుగర్ లేదు?"

"మీరు లిటిల్ అన్నరు సార్. లిటిల్ అంటె లేనట్టే కద."

డానియల్ గ్లాసును మమత వైపు చాచి, మెల్లగా తల వంచి, "ఎ లిటిల్," అనెను.

వినుడు, జనులారా! ఆ దినమున అంతటి వైద్యుడు, ఒక చెంచా చక్కెర కొరకు, ఒక అక్షరమును మమతకు కప్పముగా చెల్లించెను.