పైపై మాటలు, పైపుల మాటలు

కెనడాలోని థండర్ బే ఊళ్ళో ఆర్వో అంత నెమ్మదస్తుడు మరొకడు లేడు, మామగారి ప్రసక్తి రానంత వరకు.

ఆ మామగారు హెయిక్కి నిరుడు చలికాలం కూతురింటికి వచ్చి, అల్లుడు పేర్చిన కట్టెలు వంకరగా ఉన్నాయని అన్నీ దించి మళ్ళీ పేర్చాడు. అదే ఊపులో ఉన్ని మేజోళ్ళతో హాల్లోకి వచ్చి, నున్నటి సిమెంటు నేల మీద జర్రున జారి వెల్లకిలా పడ్డాడు. "ఈ స్కేటింగ్ మైదానంలో మళ్ళీ అడుగు పెడితే ఒట్టు!" అని అడవిలో ఉన్న తన కొంపకు వెళ్ళిపోయాడు. ఆర్వో బాధపడ్డాడు. అంటే, పడ్డట్టు కనిపించాడు.

ఆర్వో భార్య పేరు లెంపి. పేరుకు తగ్గట్టే, ఆమె నోరు విప్పిందంటే ఆర్వో లెంపలు వేసుకోవాల్సిందే.

"హాల్లో కార్పెట్ వేద్దాం. నాన్న జారకుండా నడుస్తాడు. చలికాలమంతా ఆ అడవిలో ఒక్కడే ఉంటాడంటే నాకు నిద్ర పట్టట్లేదు" అంది ఈ ఏడు మంచు పడకముందే.

ఆర్వో గుండె జారింది. కానీ అతని దగ్గర బ్రహ్మాస్త్రం ఉంది. ఆ ఇంటిని వెచ్చగా ఉంచే వేడినీళ్ళ పైపులన్నీ హాలు నేలలోనే ఉన్నాయి.

"వేద్దాం గానీ, కార్పెట్ కదలకుండా అంచుల్లో ముళ్ళ పట్టీలు మేకులతో కొట్టాలే! ఒక్క మేకు పైపులో దిగిందంటే మన కాళ్ళ కిందికి నీళ్ళొస్తాయ్. హాలు కాస్తా మన ఊరి సుపీరియర్ సరస్సైపోద్ది."

"అవన్నీ పైపై మాటలు."

"కాదు, పైపుల మాటలు!"

"మేకులొద్దు. పట్టీలు జిగురుతో అంటిద్దాం."

"వేడి నేల మీద జిగురు నిలుస్తుందా?"

"ముందురోజే వేడి ఆపేద్దాం. జిగురు బాగా ఆరాక మెల్లమెల్లగా పెంచుకుందాం."

"ఆపితే మనం గడ్డకట్టమూ?"

"సౌనా రాజేసి ఆ ఆవిరి గదిలో కూర్చో."

"మందపాటి కార్పెట్ వేస్తే వేడి పైకి రాదే!"

"పల్చందే తెచ్చా. దాని కింద పరిచే మెత్త కూడా పల్చందే."

"అప్పుడే తెచ్చేశావా?"

"కార్లో ఉంది."

ఆర్వో చివరి బాణం తీశాడు. "గుమ్మం దగ్గర కార్పెట్ అంచును నొక్కే రేకు పట్టీకి మరలు బిగించక తప్పదు. పైపు ఎక్కడుందో ఎవడికి తెలుసు?"

లెంపి వేడి బాగా పెంచి, నేలంతా తడిగుడ్డ పెట్టింది. కాసేపటికి పైపుల మీదుగా తడి ముందు ఆరిపోయి, నేల మీద పొడి చారలు తేలాయి. ఆ చారల వెంట రంగు టేపు అంటించి, "ఇవిగో నీ పైపులు. ఈ టేపు మీద తప్ప ఎక్కడైనా బిగించుకోవచ్చు" అంది.

ఇక మిగిలింది దొడ్డిదారే. ఆర్వో గరాజ్‌లోకి వెళ్ళి, ఊళ్ళో కార్పెట్లు వేసే రెయినోకి ఫోన్ చేశాడు.

"తమ్ముడూ, మా ఆవిడ పిలిస్తే ఖాళీ లేదని చెప్పు. మా నేల చాలా ప్రమాదం."

అవతల రెయినో చాలాసేపు దగ్గాడు. "అలాగే అన్నా, నీకోసం ఆమాత్రం చెయ్యనా!"

ఆదివారం చర్చిలో కాఫీ తాగేటప్పుడు లెంపి అందరి ముందూ నిట్టూర్చింది. "రెయినోకి ఖాళీ లేదట. అయినా పైపుల సంగతి మా ఆయనకి తెలిసినంత వాడికేం తెలుసు?"

"ఆర్వో ముందు రెయినో ఎంత!" అంది పాస్టరుగారి భార్య. అందరూ కలిసి మునగచెట్టు ఎక్కించారు. ఆర్వో ఎక్కాడు.

"నేను వేస్తే ఒక్క మేకు కూడా పడదు!" అని నోరు జారాడు.

ఆ తర్వాత మోకాళ్ళ మీద పాకుతూ, జిగురు పూస్తూ, మధ్యమధ్య సౌనాలోకి పరిగెడుతూ వేశాడు. ఎలా వేశాడంటే, ఒక్క ముడత లేదు, ఒక్క చుక్క కారలేదు. వేడి మళ్ళీ పైకి వచ్చి అరికాళ్ళకు తగిలినప్పుడు ఆర్వో నిజంగానే గర్వంగా హాలంతా రెండు చుట్లు తిరిగాడు.

హెయిక్కి వచ్చాడు. ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచాడు, కాలితో తన్ని చూశాడు. "ఎవరు వేశారల్లుడూ?"

"నేనే, మావయ్యా."

"గట్టి పని. ఇక నన్నెవరూ కదపలేరు."

లెంపి కళ్ళు తుడుచుకుంది. ఆర్వో ఉబ్బితబ్బిబ్బై, "ఆ రెయినో వచ్చుంటే ఇంత బాగా కుదిరేదా?" అన్నాడు.

"వాడెందుకొస్తాడు? నీకంటే ముందే నేను ఫోన్ చేసి రావద్దన్నాగా. నువ్వు చేసినప్పుడు నవ్వు ఆపుకోలేక దగ్గాడట పాపం."

ఆర్వో మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. "నువ్వు... ఎందుకు?"

"వాడి చేతికి సుత్తి ఇస్తే ఆగడు. ఆ పైపులంటే నీకున్నంత భయం ఈ ఊళ్ళో ఎవరికుంది చెప్పు? భయమున్నవాడే జాగ్రత్తగా వేస్తాడు. వెళ్ళి నాన్న పెట్టె తీసుకురా."

ఆర్వో బూట్లు తొడుక్కుని కారు దగ్గరికి వెళ్ళాడు. డిక్కీలో పెట్టె మీద, ఎండాకాలంలో పెట్టుకునే గడ్డి టోపీ ఉంది.