కోచ్‌ని తీసేస్తే ఊరికి కలిగే లాభాలు

ఫుట్‌బాల్ కోచ్‌ని ఉద్యోగంలోంచి తీసేయడమంత పుణ్యకార్యం ఇంకొకటి లేదని ఈ వారం నిరూపించబోతున్నాను. తిట్టదలచుకున్నవాళ్లు చివరిదాకా చదివి తిట్టండి. మధ్యలో తిడితే నేను వినను.

మా ప్రాటర్స్‌బర్గ్ అసలు సిసలు అలబామా ఊరు. జనాభా పద్దెనిమిది వేలు, యూనివర్సిటీ స్టేడియంలో కుర్చీలు నలభై వేలు. జట్టు పేరు మ్యూల్స్, అంటే కంచరగాడిదలు. శనివారం గాడిదలు గెలిస్తే ఆదివారం చర్చిలో ప్రసంగం పావుగంటలో అయిపోతుంది. ఓడితే గంటన్నర, అదీ నరకం గురించి. అలాంటి ఊళ్లో పోయిన ఏడాది గాడిదలు వరసగా ఎనిమిది ఆటలు ఓడిపోయాయి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు జనం మొదట మైదానంలో గడ్డిని తిట్టారు, తరవాత రిఫరీలను తిట్టారు, ఆఖరికి కోచ్ వేడ్ ట్రసెల్‌ని తీసేశారు.

తీసేయడమంటే మీ ఉద్యోగమో నా ఉద్యోగమో పోవడం లాంటిది కాదు. గడువుకు ముందే సాగనంపితే మిగిలిన నాలుగేళ్ల జీతమూ ఇచ్చుకోవాలని ఆయన ఒప్పందంలో ఉంది. కోటీ ఇరవై లక్షల డాలర్లు. అంటే నెలకి రెండున్నర లక్షలు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని పెద్దలన్నారు గానీ, పాపం ఆ పెద్దలు ఇలాంటి కాంట్రాక్ట్ చూసి ఉండరు.

ఆయనకంటే ముందు తీసేసిన గార్లండ్ స్ట్రౌడ్‌కి కూడా ఇంకా జీతం వెళ్తూనే ఉంది. ఆయన సరస్సులో పడవేసుకుని చేపలు పడుతున్నాడు. ఇక కొత్తగా తెచ్చుకున్న కోచ్‌కి జీతం సరేసరి, ఆయన్ని వదిలినందుకు పాత యూనివర్సిటీకి మరో ముప్ఫై లక్షలు సమర్పించుకున్నాం. ఏ ఊరికుంది ఈ వైభవం? ఒక్క జట్టుకి ముగ్గురు కోచ్‌లు! ఒకరు ఆడించడానికి, ఇద్దరు ఆడించకుండా ఉండటానికి. ఈ ఏడాది ఇంతవరకూ ఒక్క ఆట కూడా ఓడనిది ఆ ఇద్దరే.

దీనివల్ల ఊళ్లో ఐకమత్యం ఎంత పెరిగిందో చూడండి. వేడ్‌ని తీసేసిన రోజు మగవాళ్లంతా కలిసి ఆయన ఇంటిముందు గడ్డిలో 'ఇల్లు అమ్మబడును' అని పదకొండు బోర్డులు పాతారు. వాళ్ల భార్యలు సాయంత్రానికల్లా కోడిమాంసం, చీజు వేసి ఓవెన్లో కాల్చిన పళ్లాలు పట్టుకుని పరామర్శకి వెళ్లారు. మా ఊళ్లో మనిషి పోయినా, ఉద్యోగం పోయినా పళ్లెం వెళ్లాల్సిందే. ఆ బోర్డులకి తట్టుకుని పడకుండా వెళ్లడమే కొంచెం కష్టమైంది.

ఆరోగ్యం సంగతి చెప్పనే లేదు. కొత్త కోచ్ కోసం వేట సాగిన పది రోజులూ ఊళ్లో ఒక్క ముసలాయనకీ మోకాళ్ల నొప్పి గుర్తు రాలేదు. అందరూ కొత్త కోచ్‌ని తెచ్చే విమానం ఏదో, ఎక్కణ్ణించి లేచిందో, ఎటు తిరిగిందో ఫోన్లో చూస్తూ కూర్చున్నారు. ఒక బుధవారం చిన్న జెట్టు ఒకటి మనవైపే వస్తోందని తేలింది. మూడొందల మందిమి బాజా బృందంతో, ఉడకబెట్టిన వేరుశనక్కాయల బస్తాలతో రన్‌వే దగ్గరికి పరిగెత్తాం. తీరా దిగింది పందుల దాణా అమ్మే పెద్దమనిషి. ఎలాగూ వచ్చాం కదా అని ఆయనకే జేజేలు కొట్టాం. ఇరవై ఏళ్ల వ్యాపారంలో తననెవరూ ఇంత బాగా చూసుకోలేదని ఆయన కళ్లు తుడుచుకున్నాడు. కోచ్‌ని తీసేయకపోతే ఆయనకీ భాగ్యం దక్కేదా?

అన్నిటికంటే పెద్ద లాభం నాకే. వేడ్ మా పక్కింటాయన. ఆయన ఎక్కడైనా జీతానికి చేరితే అంత మేరా యూనివర్సిటీ ఇచ్చేదాంట్లో కోత పడుతుంది. అందుకని ఆయన ఏ పని చేసినా ఉచితంగానే చేస్తాడు. ఖాళీగా కూర్చోలేని మనిషి, పైగా మంచివాడు. మొన్న మా చూరు కాలవలో పేరుకున్న ఆకులు తీస్తానని నిచ్చెనెక్కాడు.

"జాగ్రత్త కోచ్ గారూ, మీరు పడితే యూనివర్సిటీకి లాభం," అన్నాను.

"పడను లెండి. పడటమంతా పోయిన ఏడాదే అయిపోయింది," అన్నాడు.

నెలకి రెండున్నర లక్షల డాలర్ల మనిషి చేత చూరు శుభ్రం చేయించుకున్నవాణ్ణి ఈ దేశంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

వేడ్ ఉచితంగా చేసే పనుల్లో ముఖ్యమైనది వాళ్ల నాన్న హోయ్ట్‌ని వారానికి రెండుసార్లు క్లినిక్‌కి తీసుకెళ్లడం. హోయ్ట్‌కి ఎనభై ఒకటి. ముప్ఫై ఏళ్లు స్కూలు బస్సులు బాగుచేసిన మెకానిక్కు. పక్షవాతం వచ్చాక ఆయన దగ్గర మిగిలినవి రెండే మాటలు. ఒకటి 'అవును'. రెండోది పత్రికలో రాయలేను. యూనివర్సిటీ వాళ్ల మాటల క్లినిక్‌లో మార్వా డీన్ అనే ఆవిడ రెండేళ్లు ఓపికపట్టి ఆయన చేత ఒక్కొక్క మాటే పలికించింది. ఇప్పుడు డెబ్భై దాకా వచ్చాయి. నత్తి పిల్లలు, మాట పడిపోయిన పెద్దవాళ్లు, అంతా కలిపి నలభై మంది ఆవిడ దగ్గరికి వస్తారు. ఫీజు లేదు. స్టేడియం తూర్పు మెట్ల కింద రెండు గదులు, అంతే.

గత నెల ఆవిడకి ఉత్తరం వచ్చింది. ఖర్చులు తగ్గించుకోవాలి గనక క్లినిక్ మూసేయాలని ప్రతిపాదన. ఇరవై రెండేళ్ల సేవకి రెండు వారాల జీతం. కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

వేడ్ ఆ రోజే పరిగెత్తుకుంటూ ఆటల విభాగం డైరెక్టర్ దగ్గరికి వెళ్లాడు. ఏం జరిగిందో సాయంత్రం కంచె దగ్గర చెప్పాడు.

"ఏడాది మొత్తానికి క్లినిక్ ఖర్చు నాకిచ్చే రెండు నెలల డబ్బంత కూడా లేదండీ. అది నా డబ్బులోంచే తీసుకోండి, సంతకం పెట్టి ఇస్తానన్నాను."

"ఏమన్నాడు?"

"డబ్బు సంగతి సరే కోచ్, గది సంగతేంటన్నాడు. కొత్తాయన ఒప్పందంలో ఆటగాళ్లు మధ్యాహ్నం పడుకోవడానికి గది రాసుందట. మా నాన్న మాటలు నేర్చుకునే గదే అది."

"మరి ఇంకో గది?"

"అదీ అడిగాను. ఇంకో గదెందుకు, మీ నాన్నగారికి నర్సుని పెట్టుకోలేరా అన్నాడు. మిగతా ముప్ఫై తొమ్మిది మంది మాటేమిటంటే వాచీ చూసుకున్నాడు."

చూశారా, ఆటగాళ్ల నిద్ర మీద మా వాళ్లకి ఎంత శ్రద్ధో! మైదానంలో నిద్రపోయే అలవాటు ఇలాగైనా తప్పుతుందేమో.

క్లినిక్ ఉండాలా పోవాలా అన్నది పోయిన మంగళవారం యూనివర్సిటీ బోర్డు సమావేశంలో తేలుస్తామన్నారు. ఊళ్లోవాళ్లు ఎవరైనా మాట్లాడవచ్చు, మనిషికి మూడు నిమిషాలు. తనే మాట్లాడతానని హోయ్ట్ పట్టుబట్టాడు. మార్వా డీన్ మూడు వారాలు ఆయనతో సాధన చేయించింది. రెండే వాక్యాలు. మీరు మా వాడికి చాలా ఇచ్చారు. ఆమెకి ఎంత ఇచ్చారు?

హాలు నిండిపోయింది. హోయ్ట్ ఉతికిన చొక్కా గొంతుదాకా బొత్తాలు పెట్టుకుని వచ్చాడు. వేడ్ పట్టుకోబోతే చెయ్యి విదిలించుకుని తనే మైకు దగ్గరికి నడిచాడు. అప్పటికే గడియారం నడుస్తోంది.

"మీరు," అన్నాడు. చాలాసేపు ఆగాడు. "మా... వాడికి."

వెనక వరసలో మార్వా డీన్ పెదవులు ఆయనతోపాటే కదులుతున్నాయి. నా పక్కన కూర్చున్న వేడ్ కుర్చీ అంచుకి జరిగాడు.

"చాలా... ఇచ్చారు." ఆ రెండు మాటలకీ నిమిషం పైన పట్టింది. ఆయన చెమట తుడుచుకున్నాడు. "ఆమెకి..."

గంట మోగింది.

"ఇంకో నిమిషం ఇవ్వండి సార్," అని వేడ్ లేచాడు.

"అందరికీ ఒకటే రూలు కోచ్," అన్నాడు బోర్డు చైర్మన్ ప్రెస్టన్ ఓగల్స్‌బీ. ఆయనకి కార్ల షోరూమ్ ఉంది, మాట చాలా తియ్యన. "హోయ్ట్ గారూ, మీ అబ్బాయికి మేం చేసినదానికి ఇంత కష్టపడి వచ్చి కృతజ్ఞతలు చెప్పారు. బోర్డు తరఫున మీకు ధన్యవాదాలు."

హాల్లో కొందరు చప్పట్లు కూడా కొట్టారు. హోయ్ట్ మైకు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నోరు తెరుచుకునే ఉంది, మాట మాత్రం రావడం లేదు. వేడ్ వెళ్లి మెల్లిగా తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. క్లినిక్ మూసేయడానికి తొమ్మిది చేతులు లేచాయి. వద్దని ఒక్క చెయ్యీ లేవలేదు.

బయట కార్ల దగ్గర మార్వా డీన్ ఆయన కోటు బొత్తాలు పెడుతోంది.

"'ఎంత' అనే మాట ఆయనకి ఇంకా కష్టమండీ," అంది నాతో. "ఇంకో రెండు నెలలుంటే వచ్చేసేది."

మొదట ఒప్పుకున్న ప్రకారం లాభాలన్నీ చెప్పాను. ఇంకొక్కటి మిగిలింది. ఈ కాలమ్‌కి గంట కొట్టే చైర్మన్ లేడు గనక హోయ్ట్ గారి వాక్యం నేను పూర్తి చేస్తున్నాను. ఆమెకి ఎంత ఇచ్చారు? ఎంత ఇచ్చారో ముసలాయనకి తెలియక కాదు. మీ నోటితో, ఆ మైకులో, ఊరందరి ముందూ చెప్పించాలని.