కార్పెట్ కింద నాలుగు కిలోలు

ఒక సిమెంటు వ్యాపారి ఆరు సీట్ల సొంత విమానంలో అరిగిపోయిన కార్పెట్‌ను ఊడబెరికినప్పుడు, దాని కింద కొమురయ్య ఈర్ష్య నాలుగు కిలోల మూడు వందల గ్రాములు దొరికింది. విమానాలు బాగుచేసే ఆ షెడ్డులో ఎవరూ ఆశ్చర్యపోలేదు. పదకొండేళ్ల నాటి కార్పెట్ కింద ఇంకేం దొరుకుతుంది? ఒక తలపిన్ను, రెండు వేరుశనగ పలుకులు, ఈర్ష్య. మూడింటినీ వేర్వేరు సంచుల్లో వేసి చీటీలు కట్టారు.

అది కొమురయ్యదేనని తేల్చడం కష్టం కాలేదు. అప్పట్లో ఆ కార్పెట్ పరిచింది అతనే. తాను కత్తి పట్టడం నేర్పిన రాజలింగాన్ని తన నెత్తిన సూపర్‌వైజర్‌గా కూర్చోబెట్టింది కూడా ఆ రోజే. పళ్లు కొరుక్కుంటూ జిగురు పూశాడు, మోకాళ్ల మీద పాకుతూ మూలలు అతికించాడు. ఆ కడుపుమంటంతా జిగురుతో పాటు కిందికి దిగి గట్టిపడింది. చూడటానికి పెనానికి అంటుకుపోయిన మాడు అట్టులా ఉంది. నిబంధన ప్రకారం పన్నెండు సెకన్లు మంట పెట్టి చూశారు. అంటుకోలేదు. ఈర్ష్య సొంతదారుణ్ణి తప్ప ఇంకెవర్నీ కాల్చదని షెడ్డులో అందరికీ తెలిసిందే.

ఈసారి కొమురయ్య ఉత్సాహంగా ఉన్నాడు. రాజలింగం రిటైరయ్యాడు. ఆ కుర్చీ కొమురయ్యకేనని ఆర్డరు టైపయింది, సంతకమే తరువాయి. సర్వీసు ఇంకా రెండేళ్లుంది. ఆ రెండేళ్లయినా కుర్చీలో కూర్చోవాలని అతని కోరిక. సూపర్‌వైజర్లు వేసుకునే నీలం కోటును తన కొలతకు తనే కుట్టుకుని బీరువాలో దాచుకున్నాడు. పుచ్చిన అడుగు పలకలు మార్చి, కొత్త కార్పెట్‌ను కూనిరాగం తీస్తూ పరిచాడు. ఎక్కడా ముడత లేదు.

తూకం దగ్గర తేడా వచ్చింది. విమానంలోంచి తీసిందెంతో, తిరిగి పెట్టిందెంతో గ్రాములతో సహా రాయాలి. పలకలు సరిపోయాయి, కార్పెట్ సరిపోయింది, ఈర్ష్య గడిలో మాత్రం సున్నా ఉంది. పరీక్షకు పైకి లేపితే విమానం ముక్కు వేలెడంత ఎత్తుతోందని పైలట్ రాసిచ్చాడు.

భద్రతాధికారి పద్మలోచన కొమురయ్యను పిలిచి కూర్చోమంది.

"పాతది మళ్లీ వాడటానికి లేదండీ కొమురయ్య గారూ. దాని గడువైపోయింది. కొత్తది కావాలి."

"ఇసుక మూట పెడితే నడవదా మేడం?"

"డ్రాయింగులో ఈర్ష్య అని ఉందండీ. ఇసుక అని లేదు."

అందుకని కుర్చీ ఎవరికిస్తే అంత ఈర్ష్య పుడుతుందో తేల్చడానికి కొమురయ్యను కాటా మీద నిలబెట్టి, దానికి పనికొచ్చేవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చదివారు. ముంబై నుంచి రాబోయే ఇంజినీరు పేరుకు ముల్లు రెండు వందల గ్రాముల దగ్గర ఆగిపోయింది. ముక్కూ మొహం తెలియనివాణ్ణి చూసి ఎంతని ఏడుస్తాం? షెడ్డు యజమాని మేనల్లుడి పేరుకు కిలో పలికింది. పెద్దింటివాళ్లకు రావడం మామూలేనని కొమురయ్య సర్దుకోవడంతో అదీ దిగిపోయింది. పద్మలోచన కాగితం పక్కన పెట్టి, ఎవరైతే సరిపోతారో మీరే చెప్పండి అంది. కొమురయ్య నిక్కచ్చి పనివాడు, జీవితంలో కొలత తప్పు చెప్పి ఎరగడు. చాలాసేపు తన చేతులు తనే చూసుకుని, "మా మల్లేశం" అన్నాడు.

మల్లేశం అతని సొంత తమ్ముడు. స్టోరు గదిలో దారపుండలు అందించే ఉద్యోగం. అది కొమురయ్య వాళ్ల కాళ్లూ వీళ్ల కాళ్లూ పట్టుకుని ఇప్పించిందే. ముల్లు గిర్రున తిరిగి నాలుగు కిలోల రెండు వందల ఎనభై దగ్గర నిలిచింది. ఇంకా ఇరవై గ్రాములు తక్కువ. కొమురయ్య ఇంటికెళ్లి బీరువాలోని నీలం కోటు తెచ్చి తమ్ముడికి తొడిగాడు. భుజాలు అచ్చంగా సరిపోయాయి. తూకమూ సరిపోయింది.

"నా మీద కోపంగున్నవా అన్నా?" అన్నాడు మల్లేశం గుండీలు పెట్టుకుంటూ.

"కోపమేంది తమ్మీ. కోపానికి బరువెక్కడుంటది?"

కొమురయ్య కార్పెట్ ఊడదీసి మళ్లీ పరిచాడు, ఈసారి రాగం లేకుండా. విమానం గీత గీసినట్టు ఎగిరింది.

ఏడాది తిరిగాక తనిఖీ చేస్తే మూడు వందల గ్రాములు తరిగాయి. పద్మలోచన సంజాయిషీ అడిగింది. కొమురయ్య దాచలేదు. మల్లేశం రోజూ మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెచ్చుకుని అన్న పక్కనే కూర్చుని తింటున్నాడు. ఈ పని మా అన్న పెట్టిన భిక్షే అని పదిమందిలో చెబుతున్నాడు. వినగా వినగా తమ్ముడి మీద ప్రేమ పుట్టుకొస్తోంది.

"ఆరుగురి ప్రాణాలండీ" అంది పద్మలోచన మెల్లగా.

"ఇమానాలు లేని ఆఫీసులల్ల గూడ కుర్చీలు గిట్లనే ఇస్తరు గద మేడం. మరి ఆడెందుకు?"

"అక్కడా నేల ఉంటుంది కదండీ. అది ఒరిగిపోకూడదు కదా."

ఆ ఆదివారం మల్లేశం కొత్తింట్లో గృహప్రవేశం. రానని చెప్పిన కొమురయ్య భార్యను వెంటబెట్టుకుని మరీ వెళ్లాడు. తమ్ముడు ఎదురొచ్చి కాళ్లకు దండం పెట్టాడు. కొమురయ్య ప్రతి గదీ తిరిగాడు, నేల బండల్ని వేలితో తట్టి చూశాడు, ఉయ్యాల బల్ల మీద ఊగాడు. తన భార్య ఆ వంటగది గట్టును అరచేత్తో నిమురుతూ ఉండిపోతే, గుమ్మంలో నిలబడి తనివితీరా కళ్లల్లో నిప్పులు పోసుకున్నాడు.

సోమవారం పొద్దున్నే కాటా ఎక్కాడు. కొత్తగా మూడు వందల పది గ్రాములు పలికింది. పది గ్రాములు ఎక్కువైనా పరవాలేదని పద్మలోచన సంతకం పెట్టింది. కొమురయ్య కార్పెట్ మూల ఎత్తి, జిగురు పూసి, గట్టిగా ఒత్తాడు. విమాన భద్రత దృష్ట్యా, మధ్యాహ్నం మల్లేశం డబ్బా తెచ్చుకునే వేళకు వేరే బల్ల దగ్గరికి మారిపోయాడు.