తెర తీయని రోడ్డు రాయి

ఆ రోజు పొద్దున రూప్లానాయక్ పెట్టుకున్న పనులు మూడే. గడ్డం గీసుకోవాలి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, పది గంటలకు పెద్ద నాయకుడు వచ్చి తాండా రోడ్డు శిలాఫలకం మీది తెర లాగితే చప్పట్లు కొట్టాలి. మిగతాది భార్య గోమ్లీబాయి చేతిలో ఉంది. మిరపకాయలు కోసే సుగ్గి పనికి గుంటూరు పోయే లారీ మరునాడే.

"ఆ తెర లేస్తే నేను పోనయ్యా. రోడ్డు పడితే మన పత్తి మనమే ఆదోనికి తోలుకుందాం. లేకుంటే మూట కట్టినట్టే" అని ఆమె ముందే చెప్పింది.

ఏటా నాలుగు నెలలు తాండాలో సగం ఇళ్లకు తాళాలే. మోకాలు పట్టేసినప్పటి నుంచి రూప్లా ఆ తాళాలకు కాపలా. గోమ్లీ మూట గడప పక్కనే ఉంది. దాన్ని చూడకుండా అతను గడ్డం గీసుకున్నాడు.

శిలాఫలకం తాండా దాకా రాలేదు. రోడ్డు ఉంటే కదా రావడానికి! పెద్ద రోడ్డుకు మైలు లోపల, తాండాకు మైలు ఇవతల, దాన్ని తెచ్చిన ట్రాక్టరు నల్లరేగడిలో దిగబడింది. దిగబడిన చోటే రాయి నాటి, ఎర్రగుడ్డ కప్పారు. పది దాటింది, రెండయింది, నాయకుడు రాలేదు. "సారుకు వేరే ప్రోగ్రాం పడింది. ఆయన వచ్చేదాకా తెర ఎవరూ తీయకూడదు. నువ్వే చూసుకో నాయకా" అని రూప్లాకు చెప్పి ఇంజినీరు జీపెక్కాడు.

మరునాడు గోమ్లీ లారీ ఎక్కింది. "తెర లేసిన దినం ఫోన్ జెయ్యి" అంది.

అప్పటి నుంచి రూప్లాకు ఆ రాయే లోకం. మేకలు ఒళ్లు రుద్దుకుంటున్నాయని చుట్టూ కంప వేశాడు. దుమ్ము లేస్తోందని నీళ్లు చల్లాడు. మసక వేళ ట్రాక్టర్లు గుద్దకుండా దీపం పెట్టాడు. అక్కడే చిక్కు వచ్చింది. వెలిగించిన దీపానికి దండం పెట్టకుండా తిరిగిపోవడం అతనికి చేతకాదు.

ఒక గురువారం ఆదోని నుంచి మంత్రాలయానికి అడ్డదారిన నడిచిపోతున్న గంగాబాయి అనే పెద్దావిడ అది చూసి ఆగింది.

"ఏ దేవరప్పా ఇది?"

"దేవర కాదమ్మా, రోడ్డు రాయి."

"మరి దీపమెందుకు?"

"ట్రాక్టర్లు గుద్దకుండా."

"గుద్దినాయా?"

"ల్యా."

"సూడు మరి! మహిమ కాకుంటే ఏంది?"

"నేను దీపానికి మొక్కుతాండానమ్మా, రాయికి కాదు."

"మొదట్లో అందరూ అట్లే అంటారులే" అని ఆమె టెంకాయ కొట్టింది.

వారం తిరక్కుండా ఆమె కోడలికి మూడేళ్లుగా రాని ఆదోని బదిలీ వచ్చింది. ఫైలు దానంతట అదే కదిలిందంటే ఎవరు నమ్ముతారు? గంగాబాయి వీధంతా చెప్పింది. ఎమ్మిగనూరు నుంచి సిద్ధప్ప అనే నేతగాడు తన మగ్గం మీద నేసిన కొత్త పంచె తెచ్చాడు. పాత తెర తీయకూడదని రూప్లాయే చెప్పాడు కాబట్టి దాని మీదే కప్పాడు. ఆ తర్వాత వారానికో పంచె, వారానికో చీర. శివరాత్రి నాటికి రాయి నెలలు నిండిన మనిషిలా అయింది.

రూప్లా ఫోన్ చేశాడు. "జాతర మాదిరి జనమొస్తాండారు గోమ్లీ. నువ్వూ వచ్చేయ్."

"తెర లేసిందా?"

"ల్యా. దాని మీద ఇంకో ఇరవై పడినాయి."

అటు నుంచి దగ్గు వినిపించింది. మిరప ఘాటు. ఆ దగ్గునైనా కాసేపు విని అతను ఫోన్ పెట్టేశాడు.

ఎన్నికల గాలి తగలగానే నాయకుడు వచ్చాడు. జనాన్ని చూసి తన కోసమే అనుకుని మురిసిపోయి, తెర మీద చెయ్యి వేశాడు.

"ముట్టొద్దు! కండ్లు పోతాయి!" అని గంగాబాయి కేక పెట్టింది.

రూప్లా కుంటుకుంటూ ముందుకు ఉరికాడు. "తీయండి సార్! లోపల ఉండేది మీ పేరే!"

"దేవరను పట్టుకొని ఎంత మాటన్నా! సారుకు పాపం సుట్టిస్తావా?" అని సిద్ధప్ప అతని రెక్క పట్టి వెనక్కి లాగాడు.

నాయకుడు రాయిని చూశాడు. జనాన్ని ఇంకా శ్రద్ధగా చూశాడు. చెప్పులు విడిచి, మూడు చుట్లు తిరిగి, తన మెడలోని దండ తీసి రాయికి వేసి, తన పేరుకు తానే సాగిలపడ్డాడు. లేచి మైకు అందుకుని, స్వామి భక్తులకు తారు రోడ్డు వేయిస్తానన్నాడు.

ఇరవై రోజుల్లో రోడ్డు పడింది. నల్లగా, నున్నగా, రాయి దాకా వచ్చి ఆగింది. "ఆర్డరులో స్వామి వరకే ఉంది నాయకా" అన్నాడు ఇంజినీరు.

సుగ్గి ముగిసి గోమ్లీ ఆ రోడ్డు మీదే ఆటోలో వచ్చింది. రూప్లా పొద్దుటి నుంచి రాయి దగ్గరే కూర్చున్నాడు. ఆమె దిగి, వంగి, తారును వేలితో తాకింది.

"ఈడికేనా?"

"ఈడికే."

అవతల మైలు దూరం రేగడి అలాగే ఉంది. ఆమె అటు చూసింది. తర్వాత మూట అతని నెత్తిన పెట్టి, పక్కనే ఉన్న వాగు వంకలోకి దిగి, మంచి రాయి ఒకటి ఏరి తాను ఎత్తుకుంది. తాండా మొదట్లో, తమ ఇంటి ఎదురుగా దాన్ని నాటి, తన పాత అద్దాల పైట కప్పింది.

"తప్పు కాదా గోమ్లీ?" అన్నాడు రూప్లా.

"దేవుడు మన తాండాకు రాగూడదని ఎవురు సెప్పినారు?"

అతను దీపం తెచ్చాడు. వెలిగించి కొత్త రాయి ముందు పెట్టాడు.

గురువారం నాడు గంగాబాయి రూప్లాను వెతుక్కుంటూ తాండా దాకా వచ్చింది. "ఇది ఏ దేవరప్పా?"

రూప్లా గోమ్లీ వైపు చూశాడు. గడప పక్కన ఇంకా విప్పని మూట వైపు చూశాడు.

"తెర తీయగూడదమ్మా" అన్నాడు.